తిరుగు గంట

మా గేటు కాపలా పెద్దాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను అయ్యో అనలేదు. "ఎవరు నువ్వు? ఎవరు చెప్పమన్నారు నీకు?" అని గద్దించి ఫోను పెట్టేశాను. అవతల ఒక ఆడమనిషి ఏడుస్తోంది. ఏడుపు నిజంగానే ఉంది. కానీ ఈ రోజుల్లో ఏడ్చి మోసం చేసేవాళ్ళకు కరువా? అందుకని నాకు తెలిసిన నంబరుకు, అంటే ఎవరు పోయారని చెప్పారో ఆయన నంబరుకే, నేను తిరిగి చేశాను. మళ్ళీ అదే గొంతు.

"అక్కా, నేనే, కోడల్ని. మామ ఫోను నా చేతిలోనే ఉండాది."

"నువ్వే అని నాకెట్లా తెలిసేది?"

ఆ పిల్ల ఏడుపు ఆపింది. ముక్కు చీదుకుని, "ఇది మా మామ నేర్పిందే కదక్కా," అంది. కన్నీళ్ళతోనే నవ్వింది. అప్పుడు నమ్మాను. నమ్మాక పీట మీద కూలబడ్డాను. పొయ్యి మీద సాంబారు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఈ మాటలు నేను చెబుతుంటే మా మేడ మీద ఉండే అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, అంతకు మించి సున్నా. నేను 'యాడ' అంటే ఈ పిల్ల 'ఎక్కడ' అని రాస్తుంది. అచ్చులో పడేది కదా ఆంటీ, మర్యాదగా ఉండాలి అంటుంది. నా మాటకు చీర కట్టి, బొట్టు పెట్టి పంపుతోందన్నమాట. పెట్టనీ. పెద్దాయన పేరు మాత్రం రాయనివ్వను. చదివే మీరెవరో నాకు తెలియదు. ఆయన ఉండుంటే ముందు మీ పేరు అడిగేవాడు.

మాది కోలారు దగ్గర నరసాపురంలో ఫ్యాక్టరీల పక్కన భోజనాల మెస్సు. మా ఆయన పెట్టింది. ఆయన పోయాక పైన గదులు వేయించి, ఫ్యాక్టరీ పనికి పోయే ఆడపిల్లలకు ఇస్తున్నాను. ఆడపిల్లలున్న చోట గేటు దగ్గర ఒక మనిషి కావాలని అందరూ అన్నారు. కోలారు మార్కెట్టు నుంచి టమాటాలు వేసుకొచ్చే మా తమ్ముడు ఈయన్ని వెతికి తెచ్చాడు. తర్వాతి వారం ఆ తమ్ముణ్ణే ఈయన గేటు బయట నిలబెట్టాడు. నేను స్నానంలో ఉన్నాను. లోపలి నుంచి జవాబు రాలేదు కాబట్టి తలుపు తీయలేదట.

"నన్ను గుర్తు పట్టలేదా అప్పా? నిన్ను పనిలో పెట్టింది నేనే కదా!" అని తమ్ముడు లబలబలాడాడు.

"గుర్తు పట్టినాను. గుర్తు పట్టేది వేరే, లోపలికి పంపేది వేరే," అన్నాడు పెద్దాయన.

టమాటాలు ఎండలో ఉడికాయి. ఆ రోజు మెస్సులో టమాటా చారు, టమాటా పచ్చడి, టమాటా కూర. తిన్నవాళ్ళు ఏం పండగమ్మా అని అడిగారు.

ఆయనది కేజీఎఫ్. బంగారు గని మూసేదాకా షాఫ్టు దగ్గర, అంటే గనిలోకి దిగే బావి దగ్గర, గంట కొట్టే పని. ఆ పని ఎట్లాంటిదో ఆయన చెబితేనే నాకు తెలిసింది. భూమిలోకి దింపే లిఫ్టును వాళ్ళు కేజు అంటారు. దాన్ని నడిపే ఇంజను ఎక్కడో ఉంటుంది, నడిపేవాడికి కేజులో ఏముందో కనిపించదు. రాయి ఉందా, మనుషులున్నారా అన్నది గంటలతోనే చెప్పాలి. మూడు గంటలు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. అయితే కొట్టగానే కేజు కదలదు. విన్నవాడు అవే గంటలు తిరిగి కొట్టాలి. నువ్వు చెప్పింది ఇదే కదా అని అడిగినట్టు. తిరుగు గంట వినపడ్డాకే కదలిక. జీవితమంతా ఆ పనే చేసి, గని మూతబడినా ఆయన దాన్ని మానలేదు.

"నాయనా, కాఫీ తాగుతావా?"

"కాఫీ తాగుతానా అని అడగతా ఉండావు."

"అవును, అడగతా ఉండాను."

"తాగుతాను."

ఇట్లా ఉండేది. మొదట్లో చెవుడనుకున్నాను. గట్టిగా అరిచేదాన్ని. ఆయన అంతే గట్టిగా నా అరుపు నాకు తిరిగి అప్పజెప్పేవాడు. వీధిలో పోయేవాళ్ళు మేమిద్దరం పోట్లాడుకుంటున్నామని ఆగి చూసేవాళ్ళు. సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే, నేను కొట్టబోతాను. ఆయన మాత్రం "ఉప్పు ఎక్కువైందంటా ఉండాడు" అని పలికి, చెంచాతో చవిచూసి, "అవును, అయ్యుండాది" అని తీర్పు చెప్పేవాడు. ఆ మనిషిని పనిలో పెట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఇక నా సంగతి. నా నోరు వీధి కుళాయి లాంటిది. ఎవరు తిప్పినా వస్తుంది. గ్యాసు వాడు ఫోను చేసి సిలిండరు తెచ్చేదా అంటే, తెమ్మని చెప్పి ఊరుకోను. పైన ఎంతమంది పిల్లలున్నారు, ఎవరికి రాత్రి షిఫ్టు, ఎవరికి జ్వరం, నేను గుడికి పోయేది ఏ వేళకు, తాళం ఏ కుండీ కింద పెడతాను, అన్నీ చెప్పి, నీకెంతమంది పిల్లలప్పా అని అడిగి పెడతాను. బ్యాంకు ఫోనుకు పాస్‌వర్డు పెట్టుకోమంటే మా ఆయన పేరు పెట్టుకున్నాను. పతిభక్తి. ఆ పేరు మెస్సు బోర్డు మీద నిలువెత్తు అక్షరాల్లో, చుట్టూ రంగు లైట్లతో ఉంది. దొంగ కష్టపడనక్కర లేదు, తల ఎత్తితే చాలు.

అది విని పెద్దాయన బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిరుగు గంట కూడా కొట్టలేదు.

అంతకన్నా పెద్ద ఘనకార్యం బజ్జీల కాగితం. పిల్లలు గదికి వచ్చినప్పుడు ఆధార్ జిరాక్సు తీసుకోవాలి కదా. ఒక్కొక్కరూ రెండేసి, మూడేసి ఇస్తారు. దళసరి కాగితం, నూనె బాగా పీలుస్తుంది. పడేయడానికి మనసొప్పలేదు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు కట్టివ్వడానికి వాడుకున్నాను. పొదుపరి ఇల్లాలిని కదా! ఒకరోజు పెద్దాయనకు కూడా అట్లాగే పొట్లం కట్టిచ్చాను. ఆయన బజ్జీ తినలేదు. పొట్లం విప్పి, కాగితం తొడ మీద పెట్టి సాపు చేశాడు. నూనె మరకలో నుంచి ఒక ఆడపిల్ల మొహం, కింద తండ్రి పేరు, ఊరు పేరు.

"అమ్మా, ఈ పిల్ల ఎవురు?"

"మెట్ల పక్క గదిలో పిల్ల. కొత్తగా వచ్చింది కదా."

"ఇంటి నుంచి ఎందుకు వచ్చేసిందో నీకు గొత్తు కదా?"

నాకు తెలుసు. నా ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది. ఇష్టం లేని సంబంధం ఒప్పుకోలేదని వాళ్ళ అన్న ఫోను లాక్కుని గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. వాళ్ళు గొళ్ళెం మరిచిన ఒక పొద్దున, సర్టిఫికెట్లు జాకెట్టులో పెట్టుకుని, పాలవాడికి తలుపు తీసిన అదను చూసి వచ్చేసింది. నేనెక్కడున్నానో తెలిస్తే మళ్ళీ ఎత్తుకుపోతారు ఆంటీ, ఈసారి కిటికీ కూడా ఉండదు అంది. ఎవరికీ చెప్పనని ఆ పిల్లకు మాటిచ్చాను. ఇచ్చి, ఆమె మొహంలో బజ్జీలు చుట్టి వీధికి పంపుతున్నాను.

పెద్దాయన ఉన్న కాగితాలన్నీ తీసుకుని, నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని, ఒక్కొక్కటే మంటలో పెట్టాడు. ఒక్కోటి బూడిదయ్యేదాకా చూసి ఇంకోటి పెట్టేవాడు. బజ్జీ చల్లారిపోయింది.

ఆ పిల్లే ఇప్పుడిది రాస్తోంది. పేరు, ఊరు చెప్పను. చూశారా, నేర్చుకున్నాను. అయితే ఎట్లా నేర్చుకున్నానో అదీ చెప్పాలి.

ఆ పొయ్యి ముందే ఆయన నాకు పాఠం చెప్పాడు. "ఫోన్లో ఎవురు ఏమడిగినా జవాబు చెప్పొద్దమ్మా. పెట్టేయ్. నువ్వు తిరిగి చెయ్. తిరుగు గంట లేనిది కేజు కదలకూడదు." నాకు బాగా నచ్చింది. ఆ వారమంతా వచ్చిన ఫోనల్లా పెట్టేసి తిరిగి చేశాను. మా వదిన ఫోను కూడా. ఆమె ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

అట్లాంటి రోజుల్లో ఒకనాటి పొద్దున, పిల్లలు షిఫ్టుకు పోయాక, ఒక ఫోను. ఎంత మంచి గొంతు! అమ్మా అని మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం అని ఆ పిల్ల పేరు చెప్పి, ఈ అమ్మాయి మీ దగ్గరే కదా ఉండేది, కొత్త గుర్తింపు కార్డు పంపాలి, ఏ గదో, ఏ షిఫ్టో, ఏ బస్సులో వస్తుందో చెప్పండి అన్నాడు. నేను వెంటనే చెప్పానా? లేదు. నేను చదువుకున్నదాన్ని.

"ఆగు సార్. నేను ఫోను పెట్టేసి తిరిగి చేస్తాను," అన్నాను.

"అట్లే చెయ్యమ్మా. ఈ నంబరుకే చెయ్," అన్నాడు.

పెట్టేశాను. గ్లాసుడు నీళ్ళు తాగాను. ఆ నంబరుకే తిరిగి చేశాను.

"సార్, మీరేనా?"

"నేనేనమ్మా."

ఇంకేం కావాలి? మెట్ల పక్క గది అని చెప్పాను. మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుందని చెప్పాను. కంపెనీ బస్సు మా వీధి మొగలో ఆగుతుందని చెప్పాను. పిల్ల చాలా మంచిది సార్, సరిగా తినదు, అని కూడా చెప్పాను.

తర్వాత గేటు దగ్గరికి పోయి, బడిలో బహుమతి వచ్చిన పిల్లలా నిలబడి పెద్దాయనకు అంతా వివరించాను. ఆయన ఎప్పటిలా నా మాటలు తిరిగి అంటూ వచ్చాడు. ఫోను పెట్టేసినావు. తిరిగి చేసినావు. అక్కడ ఆగాడు.

"యా నంబరుకు చేసినావు?"

"వాడిచ్చిన నంబరుకే."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "కింద గంట కొట్టినోడే పైకి ఉరికి వచ్చి తిరుగు గంట కూడా వాడే కొట్టుకున్నట్టుండాది కదమ్మా," అన్నాడు.

పిల్లకు చెబుదామని ఫోను తీశాను. ఆ పిల్ల ఫోను షిఫ్టులో ఉన్నంతసేపూ లాకరులో ఉంటుంది. వాడు బస్సు దిగే చోట కాచుకుని ఉంటే ఇంక చెప్పేదేముంది! ఏడవబోయాను. ఏడ్చేది తర్వాత, ముందు రాత్రి షిఫ్టు చేసొచ్చి పైన నిద్రపోయే పిల్ల మెడ కార్డు తెమ్మన్నాడు. కార్డు వెనక ఫ్యాక్టరీ గేటు నంబరు ఉంది. ఆయనే చేశాడు. గేటులో ఒకమ్మాయి పలికింది.

"మా దగ్గర ఎవరు పనిచేస్తారో ఫోన్లో చెప్పేది లేదు సార్. మీరెవరు?"

నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన మొహం మాత్రం పెళ్ళిపందిరిలా వెలిగింది. "భలే! చెప్పొద్దు తల్లీ. నన్ను నమ్మొద్దు. ఆ పిల్ల ఉండేచోటు నంబరు మీ కాగితాల్లో ఉంటాది. నేను పెట్టేస్తా ఉండాను. దానికి నువ్వే చెయ్," అని పెట్టేశాడు.

"పెట్టేసినావా? వాళ్ళు చెయ్యకపోతే?" అన్నాను.

"చెయ్యకపోతే అని అడగతా ఉండావు," అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం నేను అవునని అనేదాకా ఆగలేదు.

బల్ల మీద నా ఫోను పెట్టుకుని ఇద్దరం దాన్ని పాము పిల్లను చూసినట్టు చూస్తూ నిలబడ్డాం. నేను కురుడుమలె వినాయకుడికి కొబ్బరికాయలు మొక్కాను, తర్వాత అవి చాలవని గరిక దండ కూడా కలిపాను. ఫోను మోగింది. గేటు పిల్లే. పెద్దాయన ఎత్తే ముందు బల్ల మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాడు. మా పిల్లను బస్సు ఎక్కనివ్వకుండా గేటు గదిలోనే కూర్చోబెడతామన్నారు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. బస్సులో పిల్ల దిగలేదని నేరుగా మా గేటుకే వచ్చారు. ముగ్గురు. ముందున్నవాడు ఇస్త్రీ చొక్కా, విభూది, ఎంతో పెద్దమనిషి తరహా. వాళ్ళు వీధిలో కనబడగానే పెద్దాయన నా వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు మంచిదానివే. నీ నోరే నీ మాట వినదు. వాళ్ళు పోయేదాకా దాంట్లో ఏమన్నా పెట్టుకో."

చేతికందిన పళ్ళెంలో రాగి ముద్ద ఉంది. మొత్తం ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రాగి ముద్ద నమిలేది కాదు, తుంచి మింగేది. మొత్తం పెట్టుకుంటే మింగలేం, కక్కలేం. కళ్ళు తేలేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"మా చెల్లెలు ఈడ ఉండాది. పిలువు," అన్నాడు విభూది వాడు. పొద్దుటి గొంతే.

"మీ చెల్లెలు ఈడ ఉండాదంట. పిలవమంటా ఉండావు."

"అవును."

"ఎవురు చెప్పినారు?"

"అదంతా నీకెందుకు?"

"అదంతా నాకెందుకని అడగతా ఉండావు."

"ఏయ్ ముసలోడా, ఎగతాళి చేస్తా ఉండావా?"

"ఎగతాళి చేస్తా ఉండానా అని..."

వెనక ఉన్నవాడికి నవ్వాగలేదు. విభూది వాడికి ఉడుకెత్తింది. భోజనానికి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రాళ్ళు చేతులు కడుక్కోకుండానే వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాడు పెద్దాయన భుజం మీదుగా నన్ను చూశాడు.

"అమ్మా, నువ్వన్నా చెప్పు. ఉండాదా లేదా?"

"మ్మ్," అన్నాను.

"ఉండాదనా, లేదనా?"

"మ్మ్మ్."

"ఏమమ్మా ఇది, పొద్దున నువ్వే కదా ఫోన్లో చెప్పినావు, మెట్ల పక్క గదని!"

ఆ మాటను మాత్రం పెద్దాయన తిరిగి చెప్పలేదు. అందరూ విన్నారు కాబట్టి అవసరం లేకపోయింది. మెల్లగా అన్నాడు: "పొద్దున ఫోన్ చేసింది ఫ్యాక్టరీ ఆఫీసోళ్ళు కదప్పా. నువ్వు యా ఆఫీసు?"

వాడి నోట్లో కూడా రాగి ముద్ద పడినట్టయింది.

"ఇంగ మేం స్టేషన్‌కు ఫోన్ చేసేదా, మీరే పోతారా?" అన్నాడు పెద్దాయన. కుర్రాళ్ళు ఒక్కడుగు ముందుకు వేశారు. జీపు ఎటు వచ్చిందో అటే పోయింది. అప్పుడు నా వీపు మీద చరిచి ముద్ద బయటికి తీయించాల్సి వచ్చింది. ఊపిరి రాగానే నేనన్న మొదటి మాట, "పిల్ల ఫ్యాక్టరీ గేటు గదిలో భద్రంగా ఉందప్పా!" వీధంతా వినపడేలా. పెద్దాయన తల పట్టుకున్నాడు. జీపు మలుపు తిరిగిపోయి ఉండబట్టి సరిపోయింది.

అక్కడి నుంచే ఆ పిల్లను తోటి పిల్లలు ఆటోలో కోలారు పోలీసు స్టేషన్‌కు తీసుకుపోయారు. నేను మేజర్ని, నా ఇష్టంతోనే ఉంటున్నాను అని రాసిచ్చింది. వాళ్ళన్నను పిలిచి చెప్పాల్సింది చెప్పారు. మళ్ళీ రాలేదు. నేను ఆ సాయంత్రమే మా ఆయన పేరు తీసేసి ఫోనుకు కొత్త పాస్‌వర్డు పెట్టాను. అదేమిటంటే... ఈ పిల్ల కలం పక్కన పెట్టేసింది. చెప్పను, రాయి తల్లీ, రాయి.

రాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఆయన్ని ఎక్కువ కాలం గేటు దగ్గర కూర్చోనివ్వలేదు. దగ్గు పెరిగి కేజీఎఫ్‌లో కొడుకు దగ్గరికి పోయాడు. నేను ఆదివారం ఆదివారం ఫోను చేసేదాన్ని. ఒక్కసారి కూడా నేను చేసిన ఫోనులో మాట్లాడలేదు. "నువ్వేనా అమ్మా? పెట్టేయ్," అని పెట్టేసి, తను తిరిగి చేసేవాడు. అప్పుడు సాంబారు గురించి అడిగేవాడు.

కబురు తెలిశాక నేనూ, ఈ పిల్లా బస్సెక్కి పోయాం. గని కూలీల లైన్లలో అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, వాటి వెనక గనిలో తవ్వి పోసిన మట్టి దిబ్బలు. వాకిట్లో పడుకోబెట్టారు. అప్పుడు కూడా మొహం కాస్త పక్కకు తిరిగే ఉంది, ఎవరో ఏదో చెబితే విందామన్నట్టు. ఆయనతో గనిలో పనిచేసిన ముసలివాళ్ళు కొందరు వచ్చారు. పాడె ఎత్తే ముందు వాళ్ళలో ఒకాయన వంగి, వెదురు మీద కర్రతో మూడుసార్లు కొట్టాడు. మనుషులు ఎక్కుతున్నారని. ఎవరూ కదల్లేదు. కాళ్ళ దగ్గర నిలబడిన ఇంకో ముసలాయన మూడుసార్లు తిరిగి కొట్టాడు. అప్పుడు ఎత్తారు.

మగవాళ్ళు పోయాక ఆడవాళ్ళం మిగిలాం. ఆయన తరఫు బంధువు, పండు ముసలామె, నా పక్కకు జరిగి కూర్చుంది. మంచి మనిషి. ఏదో ఒకటి మాట్లాడాలని, గోడవారగా నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న మా పిల్లను చూపించింది.

"ఈ బిడ్డ ఎవురమ్మా? యా ఊరు, ఎవురి కూతురు?"

నా నోరు తెరుచుకుంది. ఊరి పేరు నాలుక చివరికి వచ్చేసింది. చావింట్లో రాగి ముద్ద ఎక్కడుంటుంది? చటుక్కున చీర చెంగు తీసి నోట్లో కుక్కుకున్నాను, గొంతు దాకా.

నేను ఏడుస్తున్నాననుకుని ఆ ముసలామె నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. నిమిరే కొద్దీ, ఆమె అనుకున్నదే నిజమైంది.